దారి ముందుగా ఎవరికి?

మహాభారతం అరణ్యపర్వంలో అష్టావక్రుడి కథ ఉంది. తండ్రి శాపం వల్ల ఎనిమిది చోట్ల వంకరపోయిన ఒళ్లు, పన్నెండేళ్ల వయసు. మేనమామ శ్వేతకేతుణ్ణి వెంటబెట్టుకుని జనక మహారాజు యాగశాలకు బయల్దేరాడు. దారిలో రాజపరివారం ఎదురైంది. తప్పుకోమన్నారు. కుర్రవాడు తప్పుకోలేదు. దారి ఎవరికి ముందు వదలాలో ఒక వరుస ఉందని రాజుకే గుర్తుచేశాడు. ఆ వరుసలో మొదట చూపు లేనివాడు, తర్వాత వినికిడి లేనివాడు, ఆపైన స్త్రీ, బరువు మోసుకెళ్లేవాడు. రాజు వాళ్లందరి తర్వాతే. బ్రాహ్మణుడు ఎదురైతే మాత్రం దారి ఆయనదేనన్న మెలిక ఒకటి చివర్లో పెట్టాడు. పెట్టినవాడు బ్రాహ్మణ బాలుడు కనుక అందులో కాస్త స్వార్థం లేకపోలేదు. ఏమైనా జనకుడు దారి ఇచ్చాడు.

దారి దొరికినంత సులువుగా గుమ్మం దొరకలేదు. చిన్నపిల్లలకు ప్రవేశం లేదు, పెద్ద పండితులకే అని ద్వారపాలకుడు అడ్డుపడ్డాడు. అష్టావక్రుడు అతడితోనూ వాదించి లోపలికి వెళ్లి, వంది అనే ఆస్థాన పండితుణ్ణి ఓడించి, వంది చేతిలో ఓడి నీటిపాలైన తండ్రిని వెనక్కి తెచ్చుకున్నాడు. ఇక్కడితో ఆగితే కథ ఇంకోలా ఉండేది. కానీ తండ్రి అతణ్ణి సమంగా నదిలో మునగమన్నాడు. మునిగి లేచేసరికి వంకరలన్నీ పోయాయి. రాజు చేత దారి వదిలించిన కథ, ముగింపుకు వచ్చేసరికి ఒంటినే సరిచేసి ఊరుకుంది.

ఆఫీసులో వైకల్యం ఉన్నవాళ్లకు వీలు కల్పించాలి అనగానే అది ఇంజినీరు పనో, హెచ్‌ఆర్ పనో అనిపిస్తుంది. ర్యాంపు ఎంత వాలుగా ఉండాలి, లిఫ్టులో బటన్లు ఎంత ఎత్తులో ఉండాలి అనే లెక్కలు ముందుకొస్తాయి. ఆ లెక్కల వెనక ఉన్నది చాలా పాత ధర్మసందేహం. మనిషికీ చోటుకీ పొసగనప్పుడు మారాల్సింది మనిషా, చోటా? మతాలు ఈ సందేహాన్ని పట్టించుకోలేదని అనడానికి లేదు. పట్టించుకున్నాయి. కాకపోతే ఎక్కువసార్లు ప్రశ్నను మార్చేసుకున్నాయి. ఈ లోటు ఎందుకు వచ్చింది, ఎలా నయమవుతుంది, ఇతడికి మనం ఏం ఇద్దాం అని అడిగాయి.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో శిష్యులు అడిగింది సరిగ్గా అదే. పుట్టుకతో చూపు లేని ఒకణ్ణి చూసి, పాపం చేసింది ఇతడా, ఇతడి తల్లిదండ్రులా అన్నారు. ఇద్దరూ కాదని యేసు తేల్చిచెప్పాడు. ఆ కాలానికి అది పెద్ద మాట. కానీ తర్వాత జరిగింది మళ్లీ స్వస్థతే. సిలోయము కోనేటిలో కడుక్కుని అతడు చూపుతో తిరిగివచ్చాడు. ధమ్మపదానికి పాళీలో ఉన్న వ్యాఖ్యానం చక్ఖుపాలుడనే అంధ భిక్షువు కథతో మొదలవుతుంది. ఆయన నడుస్తూ పురుగుల్ని తొక్కి చంపాడని తోటి భిక్షువులు ఫిర్యాదు చేశారు. అతడు చూడలేదు, చంపాలన్న తలంపు లేదు, కాబట్టి దోషం లేదని బుద్ధుడు కొట్టిపారేశాడు. ఎంత చక్కని తీర్పు! అయితే భిక్షువులు ఊరుకోకుండా మరి ఈయనకు చూపెందుకు పోయిందని అడిగారు. దానికి సమాధానంగా పూర్వజన్మలో ఈయన వైద్యుడనీ, ఒక స్త్రీ కళ్లు పోగొట్టాడనీ ఒక కథ వస్తుంది. కారణం చెప్పేదాకా మనసు ఊరుకోదు కాబోలు.

తెలుగిళ్లలో ఈ కారణాన్వేషణకు పూర్వజన్మ కథలు కూడా అక్కర్లేదు. ఏ జన్మలో ఏం చేసుకున్నామో అన్న నిట్టూర్పు చాలు. ఆఫీసుల్లో ఆ మాట పైకి అనరు. దాని బదులు 'పాపం' అంటారు. కొత్తగా చేరిన ఉద్యోగి చంకకర్రతో నడుచుకుంటూ వస్తుంటే సీట్లలోంచి వినపడే ఆ రెండక్షరాల్లో చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. కానీ అతడి సంగతి అక్కడితో ముగిసిపోయిందన్న ధోరణి మాత్రం ఉంటుంది.

కర్మ సిద్ధాంతాన్ని నమ్మేవారితో దాని గురించి వాదన పెట్టుకోనక్కర్లేదు. అది నిజమేననుకుందాం. మెట్ల కింద ఆగిపోయిన ఉద్యోగి విషయంలో అది తేల్చేదేమిటి? అతడి కాళ్లకు కారణం ఏ జన్మలోనైనా ఉండనీ, ఆ మెట్లు కట్టింది మాత్రం ఈ జన్మలోనే, వాటికి బిల్లు పాసయింది కూడా ఈ జన్మలోనే. ఎవరి కర్మకు వారే కర్తలనే సిద్ధాంతం ప్రకారం చూసినా, కట్టినవాడు తన పద్దు చూసుకోవాలి గానీ ఎక్కలేనివాడి పద్దు తిరగేయడం ఏమిటి?

హైదరాబాదులో పుట్టి మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన సత్య నాదెళ్ల 'ఎందుకు' అనే ప్రశ్నను దాటడం గురించి తన జీవితం నుంచే రాశారు. 1996లో పుట్టిన కొడుకు జైన్‌కు సెరిబ్రల్ పాల్సీ. మాకే ఎందుకిలా జరిగిందన్న ప్రశ్న తనను చాలాకాలం వదల్లేదనీ, భార్య అను మాత్రం ఆ ప్రశ్న దగ్గర ఆగకుండా పిల్లవాణ్ణి థెరపీలకు తిప్పుతూ ఉండేదనీ, జరిగింది తనకు కాదు, పిల్లవాడికి అని ఆమెను చూశాకే అర్థమైందనీ ఆయన చెప్పుకున్నారు. జైన్ 2022లో కన్నుమూశాడు. తండ్రికే 'ఎందుకు' అనే ప్రశ్న అంతకాలం అడ్డుపడితే, పైవాళ్లకు అది దాటడం ఇంకెంత కష్టమో ఊహించుకోవచ్చు.

ఇక దానం సంగతి. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం పుట్టుకతో చూపు లేనివారికి, వినికిడి లేనివారికి, ఇంకా కొందరికి పిత్రార్జితంలో వాటా లేదంటుంది. ఆ వెంటనే, వాటా పుచ్చుకున్నవారు వీళ్లకు తిండీ బట్టా శక్తికొద్దీ జీవితాంతం ఇవ్వాలి, ఇవ్వకపోతే పతితులవుతారని హెచ్చరిస్తుంది. పోషణ ఉంది, వాటా లేదు. బ్రిటిష్ ప్రభుత్వం 1928లో చేసిన చట్టం ఈ అనర్హతలను చాలావరకు తీసేసింది. పుట్టుకతో మతిస్థిమితం లేనివారిని మాత్రం అప్పుడూ బయటే ఉంచారు. వారికి కూడా వాటా రావడానికి 1956 హిందూ వారసత్వ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

ఆస్తి విషయంలో పోయిన ఆ పద్ధతి ఆఫీసుల్లో మిగిలే ఉంది. డిసెంబరు 3న వికలాంగుల దినోత్సవం నాడు శాలువాలు కప్పి, సీఎస్‌ఆర్ నిధుల్లోంచి వీల్‌చెయిర్లు పంచి, ఫొటోలు దిగే ఆఫీసులు తక్కువేం కాదు. ఆ వీల్‌చెయిర్లలో ఒకటి వాళ్ల సొంత కాన్ఫరెన్స్ హాల్లోకి వెళ్లగలదా అని చూస్తే, వేదికకు ముందు మూడు మెట్లుంటాయి. ఇచ్చే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద ఉన్నంతకాలం దానం హాయిగా సాగిపోతుంది. పక్క కుర్చీలో కూర్చుని, అదే జీతం తీసుకుని, ప్రమోషన్‌కు పోటీ పడేవాడికి దానం ఎలా చేస్తారు? అతడు అడిగేది వాటా.

నయం చేయడం, దానం చేయడం కాకుండా మూడో ముగింపు ఒకటి ఇస్లాం సంప్రదాయంలో కనిపిస్తుంది. మక్కాలో ముహమ్మద్ ప్రవక్త ఖురైషు తెగ పెద్దలతో మాట్లాడుతున్న వేళ ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ అనే చూపులేని వ్యక్తి వచ్చి తనకు బోధించమని అడిగాడు. ప్రవక్త ముఖం చిట్లించి అటు తిరిగారు. దానిని తప్పుబడుతూ దిగిందే ఖురాన్‌లోని 80వ సూరా 'అబస' అని వ్యాఖ్యాతలు చెబుతారు. ఈ భాగం చాలామందికి తెలుసు. అంతగా చర్చకు రానిది తర్వాత జరిగింది. ఇబ్న్ ఉమ్మె మక్తూమ్‌కు చూపు రాలేదు. మదీనాలో ఆయన బిలాల్ అనే మరొకరితో పాటు, నమాజుకు అజాన్ అనే పిలుపు ఇచ్చే ముఅజ్జిన్ అయ్యాడు. బిలాల్ అజాన్ ఇంకా రాత్రి ఉండగానే వినపడుతుంది కాబట్టి ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ అజాన్ ఇచ్చేదాకా ఉపవాసం ఉండేవాళ్లు తినవచ్చు, తాగవచ్చు అని హదీసు. ఆయనకు చూపు లేదు గనుక, తెల్లవారింది, తెల్లవారింది అని ఎవరైనా చెప్పాకే పిలిచేవాడని కూడా అందులోనే ఉంది. ప్రవక్త ఊళ్లో లేనప్పుడు మదీనాలో నమాజు నడిపించే బాధ్యతనూ ఆయనకు అప్పగించేవారు.

ఈ ఉద్యోగాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఫజర్ అజాన్ అంటే తూర్పున వెలుగు రేఖ కనిపెట్టి పిలవడం. ఇవాళ ఎవరైనా ఆ పోస్టుకు నోటిఫికేషన్ ఇస్తే అర్హతల్లో మొదటి పంక్తి 'చూపు బాగుండాలి' అనే ఉంటుంది. మదీనాలో ఏం చేశారు? పనిని రెండుగా విడదీశారు. వెలుగు చూడడం ఇంకొకరిది, పిలవడం ఆయనది. ఉపవాసాల నెలలో ఊరి జనం తెల్లవారకముందు తినే సహరీ ముద్ద ఆపేది ఆ గొంతు విని. ఎవరూ ఆయన కళ్లు బాగుచేయలేదు, ఇంట్లో కూర్చోబెట్టి పోషించనూ లేదు. మన దేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 'సముచిత సర్దుబాటు' అని చెబుతున్నది ఇలాంటి ఏర్పాటు గురించే.

మన ఆఫీసుల్లో ఆ సర్దుబాటు ఏ రూపంలో ఉంటుంది? ముందు ర్యాంపు. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండడుగుల పొడవు వాలు ఉండాలన్నది అందరూ ఒప్పుకున్న లెక్క. ఆరంగుళాల మెట్లు మూడుంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. చాలాచోట్ల కనిపించేది ఆరడుగులది. స్కూటర్లు పైకి తోయడానికి కట్టినదాన్ని తర్వాత వికలాంగుల ర్యాంపుగా రాసుకుంటారు. వీల్‌చెయిర్‌లో ఒంటరిగా దాని మీదికి ఎక్కడం అయ్యే పని కాదు, దిగడం ప్రమాదం. అది కూడా బైకుల పార్కింగుతో మూసుకుపోయి ఉంటుంది. లోపల వీల్‌చెయిర్ బొమ్మ వేసిన టాయిలెట్ తాళం వేసి ఉంటుంది. తాళంచెవి అటెండరు దగ్గర, అటెండరు టీకి వెళ్లి ఉంటాడు. ఎలాగో తెరిపిస్తే చీపుర్లు, మాపులు, ఫినాయిల్ డబ్బాలు. వాడేవాళ్లు ఎవరూ రావడం లేదు కదా సార్ అంటారు. తెరిచే ఉంటే కదా రావడానికి.

కంప్యూటరు తెర మీద కనిపించే మెట్లు ఇంకా విచిత్రం. చూపులేని ఉద్యోగులు స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తారు. తెర మీది అక్షరాలను అది చదివి వినిపిస్తుంది. ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని యువకులు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగానే దొరుకుతుంది. అంటే ఖర్చు సాకు కూడా లేదు. కానీ ఆఫీసు సర్క్యులర్ ఎలా వస్తుంది? టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్టాంపు వేసి, స్కాన్ చేసి, ఆ ఫొటోను పీడీఎఫ్‌గా గ్రూపులో పెడతారు. స్క్రీన్ రీడర్‌కు అందులో ఒక్క అక్షరం దొరకదు. తెలుగు సంగతి మరీ దారుణం. అను ఫాంట్లలో కొట్టిన పేజీ కంటికి ముచ్చటగా తెలుగులా కనిపిస్తుంది గానీ, కంప్యూటరు లోపల దాచుకున్నవి ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు, అడ్డగీతలే. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది. సెలవుల జాబితా వినాలని కూర్చున్న ఉద్యోగి చెవిలో అర్థంలేని అక్షరాల వాన కురుస్తుంది. అదే యూనికోడ్‌లో కొట్టి పంపి ఉంటే చదివి వినిపించేది. అందుకు కొత్తగా కొనాల్సింది, కట్టాల్సింది ఏమీ లేదు. అలవాటు మార్చుకుంటే చాలు. అదే అన్నిటికన్నా కష్టంగా ఉంది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వేసుకోవచ్చు. ఆఫీసులో ఇప్పుడు ఎవరికి సర్దుబాటు జరుగుతోంది? సాయంత్రం ఆరయ్యాక ట్యూబులైట్లు వేసేది చూపున్నవాళ్ల కోసం. చూపులేని ఉద్యోగికి వాటి అవసరం లేదు, కానీ కరెంటు బిల్లు చూసి చూపున్నవాళ్లను ఎవరూ భారమనరు. కుర్చీలు కొనేది నిలబడి పనిచేయలేనివాళ్ల కోసం, అంటే దాదాపు అందరి కోసం. వీల్‌చెయిర్‌లో వచ్చేవాడు తన కుర్చీ తనే తెచ్చుకుంటాడు. ఆరో అంతస్తుకు నడిచి ఎక్కలేని మేనేజరుకు లిఫ్టు పెడితే దానిని వసతి అంటారు, లిఫ్టులో మాట్లాడే గొంతు పెట్టమంటే ప్రత్యేక సదుపాయం అంటారు. ఎక్కువమంది అవసరాలు గోడల్లో కలిసిపోయి కనిపించకుండా పోయాయి. మిగిలిన కొద్దిమంది అవసరాలే అవసరాలుగా కనిపిస్తున్నాయి. అమర్త్య సేన్ 1979లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో సమానత్వం దేనిలో ఉండాలి అని అడిగినప్పుడు చెప్పింది దీనికి దగ్గరి విషయమే. ఇద్దరి చేతిలో ఒకే మొత్తం పెట్టినంత మాత్రాన ఇద్దరూ ఒకే పని చేయగలిగినట్టు కాదు. ఒకే జీతం తీసుకునే ఇద్దరిలో ఒకరు సిటీ బస్సులో ఆఫీసుకు వచ్చేస్తారు, బస్సు ఎక్కలేని రెండోవారి జీతంలో ఒక భాగం రోజూ క్యాబ్‌కే పోతుంది.

వైకల్యం ఒంట్లో లేదు, సమాజం అమరికలో ఉందని బ్రిటన్‌లో 1976లోనే వికలాంగుల సంఘం ఒకటి ప్రకటించింది. ఆ ఆలోచన ప్రపంచమంతా పాకి, ఐక్యరాజ్యసమితి 2006 ఒప్పందం దాకా వచ్చింది. భారతదేశం దాన్ని 2007లో ఆమోదించింది. అయితే దానినే పూర్తి సత్యంగా పట్టుకోవడమూ కుదరదు. వెన్నునొప్పితో గంటసేపు కూర్చోలేని మనిషికి ఏ ర్యాంపూ నొప్పి తీయదు. బైపోలార్ సమస్య ఉన్న ఉద్యోగికి కావలసింది వెడల్పాటి తలుపు కాదు, కొన్ని వారాలు పని తగ్గించి మళ్లీ పెంచే పైఅధికారి. కొన్ని అవసరాలు ఒకదానితో ఒకటి గొడవ కూడా పడతాయి. పెదాల కదలిక చూసి మాట పట్టుకునేవారికి వెలుతురు ఎక్కువ కావాలి, మైగ్రేన్ ఉన్నవారికి తక్కువ కావాలి. చట్టం కూడా సంస్థ మీద మోయలేని భారం పడకూడదనే అంటుంది. ఎంత భారం మోయదగినది అన్నది ముందే రాసిపెట్టగల లెక్క కాదు. ఆ ఉద్యోగినే అడిగి, మాట్లాడి తేల్చుకోవాలి. 2021లో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. చేతిరాత సహకరించని ఒక అభ్యర్థికి సివిల్స్ పరీక్షలో రాసిపెట్టే సహాయకుణ్ణి నిరాకరించిన కేసు అది. ఎవరి అవసరం ఏమిటో వారితో మాట్లాడి తెలుసుకోవాలని, ఒకే కొలతతో అందర్నీ కొలవకూడదని ధర్మాసనం చెప్పింది.

మాట్లాడి తేల్చుకోవడం ఎదుటివాడి మంచితనం మీద ఆధారపడితే మళ్లీ దానం దగ్గరికే వస్తాం. తైత్తిరీయోపనిషత్తు శిష్యుడికి చేసే ఉపదేశంలో ఇవ్వడం గురించి ఒక వింత జాబితా ఉంది. శ్రద్ధతో ఇవ్వమంటుంది, సిగ్గుతో ఇవ్వమంటుంది, భయంతో ఇవ్వమంటుంది. ఇచ్చేవాడికి సిగ్గు దేనికి, భయం దేనికి? ఇస్తున్నది తన సొత్తు కాదేమోనన్న అనుమానం అతడికి ఉండాలని కాబోలు. ఆ సిగ్గూ భయమూ మన ఆఫీసులకు చాలాకాలం లేవు. చట్టం కింది నిబంధనల్లోనూ సందు ఉండేది. చూపులేని ఒక వ్యక్తి 2005లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2017లో ఆదేశాలిచ్చినా పని కదలకపోతే, హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రాన్ని పరిస్థితి చూసి నివేదిక ఇమ్మంది. దాని ఆధారంగా 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. చట్టం 'చేయాలి' అంటుంటే, దాని కింద 2017లో రాసిన నిబంధనల్లో 15వది 'చేస్తే బాగుంటుంది' అన్నట్టు ఉందని, అది చట్టానికే విరుద్ధమని కోర్టు కొట్టేసింది. తప్పనిసరి ప్రమాణాలు వేరుగా రాయమని కేంద్రానికి మూడు నెలల గడువు పెట్టింది. ధర్మశాస్త్రాల పరిభాషలో చెప్పాలంటే, దానం పద్దులో రాసుకున్నదాన్ని రుణం పద్దులోకి మార్పించింది.

వీటన్నిటికీ అడ్డంగా ఈ మధ్య ఒక కొత్త భక్తి మొదలైంది. సంకల్పబల భక్తి. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టి, అమెరికాలోని ఎంఐటీలో చదివి, హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టిన బొల్లా శ్రీకాంత్ పేరు ఇలాంటి ప్రసంగాల్లో తరచూ వినిపిస్తుంది. 2024లో ఆయన జీవితం మీద హిందీ సినిమా కూడా వచ్చింది. సంకల్పం ఉంటే ఏదైనా సాధ్యమని ముక్తాయిస్తారు. ఆయన సంకల్పం గట్టిదే, సందేహం లేదు. కానీ పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి ఆయనకు కావలసి వచ్చింది కోర్టు ఉత్తర్వు, ఆ తర్వాత పాఠాలను ఆడియోగా మార్చి ఇచ్చిన టీచరు. ఆ రెండూ ప్రసంగాల్లో జారిపోతాయి. అవి లేని చోట అంతే సంకల్పంతో ఆర్ట్స్ గ్రూపులో సర్దుకుపోయిన పిల్లలెందరో ఎవరికీ తెలియదు, వాళ్ల మీద సినిమాలు రావు.

సంకల్పం గురించి ఎవరూ ప్రసంగించని కేసు ఒకటి 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టులో తేలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలో 2014లో డ్రైవరుగా చేరిన ఒకరికి వైద్య పరీక్షలో రంగులు సరిగా గుర్తించలేరని తేలింది. బస్సు నడపడానికి పనికిరారన్నారు. అందులో తప్పు లేదు, సిగ్నల్ దగ్గర ప్రయాణికుల ప్రాణాలు కూడా చూడాలి. వేరే పని ఏదైనా ఇవ్వండని ఆయన అడిగారు. రంగులు గుర్తించలేని డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని 1979 నాటి కార్మిక ఒప్పందంలోనే ఉంది. సంస్థ మాత్రం ఆయనను వైద్య కారణాల మీద ఇంటికి పంపేసింది, చట్టం చెప్పే వైకల్యాల్లో ఇది లేదని వాదించింది. కేసు తెలంగాణ ఆర్టీసీ మీద నడిచింది. హైకోర్టులో ఒకసారి గెలిచి, అక్కడే పై బెంచిలో ఓడి, చివరికి ఢిల్లీలో ఆయన గెలిచారు. వేరే పని ఉందేమో చూడడానికి సంస్థ ప్రయత్నమే చేయలేదని సుప్రీంకోర్టు తప్పుబట్టింది. ఆర్టీసీలో డ్రైవింగ్ సీటు ఒక్కటే కాదు. డిపోలో లెక్కలున్నాయి, పాసుల కౌంటర్లున్నాయి, స్టోర్సు ఉంది, బస్టాండులో మైకు ముందు కూర్చునే పనీ ఉంది. వాటిలో ఏదో ఒకటి చూపించమని చెప్పడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం కావాల్సి వచ్చింది. తగిన పోస్టులోకి తీసుకోవాలని, బకాయి జీతంలో 25 శాతం చెల్లించాలని కోర్టు ఆదేశించింది. ఉద్యోగం లేకుండా గడిచిన ఏళ్లకు ఆయనకు దక్కింది ఆ పాతిక శాతమే.